ఊఁ కొట్టేందుకు వదిలిన జాగా

మొన్న ఒక మధ్యాహ్నం మా ఇంటికి ముగ్గురు పిల్లలు వచ్చారు. పిల్లలు అంటున్నాను గానీ అందులో ఒకతనికి చెంపలు నెరిశాయి. నా వయసుకు వచ్చాక అందరూ పిల్లలే. హైదరాబాదులో గిటారు డేవీ అభిమానులంతా కలిసి ఏటా ఆయన పేరు మీద సభ చేసుకుంటారట. ఈసారి ఆయన పుట్టిన గూడూరు వైపు తిరిగి, మానుకోట చూసుకుని, ఆయన్ని కళ్లారా చూసినవాళ్లు ఇంకా ఎవరైనా బతికి ఉన్నారా అని వెతుక్కుంటూ జనగామలో నా దాకా వచ్చారు. చెప్పులు గడప బయట విడిచి, నేను వద్దంటున్నా వంగి నా కాళ్లకు దండం పెట్టారు. ఆ దండం నాకు కాదని నాకు తెలియదా? వాళ్లు డేవీ అనే దావీదు ఒకప్పుడు మా ఇంటి మంచం మీద కూర్చున్నాడని, మా చేతి జొన్న గట్క తిన్నాడని వాళ్లకు ఎవరో చెప్పారు. ఆ దండం ఆ మంచానికి. దాన్ని చెదలు తిని చాలా ఏళ్లయింది.

వాళ్లలో శ్రీకాంత్ అనే అతను మాటకారి. సంచిలోంచి లాప్‌టాప్ తీసి, చిన్న స్పీకరు తగిలించి, పాత రికార్డు నుంచి ఎక్కించుకున్న పాట వినిపించాడు. ముందు సూది గరగర, దాని వెనక గిటారు. వింటూ నాకు వివరించాడు: డేవీ కింది తీగను సడలించి దాన్ని డప్పులా ఎలా మోగించేవాడో, బొటనవేలితో చెక్క మీద దరువు వేస్తూనే మిగతా వేళ్లతో పాట ఎలా అల్లేవాడో, జాజ్ అనే పరాయి దేశపు సంగీతంలోకి మన దుమ్మునీ ఎండనీ ఎలా తెచ్చాడో. పిల్లవాడు అబద్ధం చెప్పడం లేదు. అన్నీ నిజాలే. ఉన్నట్టుండి వేలు పైకెత్తి "అమ్మా, ఇప్పుడొస్తుంది వినండి" అన్నాడు. పాట ఆగిపోయింది. చాలాసేపు ఏమీ లేదు. ముగ్గురూ కళ్లు మూసుకున్నారు. నేను తిరుగుతున్న ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నాను. గిటారు మళ్లీ అందుకున్నాక శ్రీకాంత్ కళ్లు తెరిచి, "పాట మధ్యలో ఇంత నిశ్శబ్దం! ఆ రోజుల్లో ఇంత ధైర్యం ఎవరు చేశారమ్మా? మేము ఈ నిశ్శబ్దం మీదే పుస్తకం వేస్తున్నాం" అన్నాడు. చాయ్ పెడతానని లేచాను. నాకు కోపం వస్తే నోరు రాదు, చేతులు ఆడతాయి. వంటింట్లోకి పోయి, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను.

మేము కురుమలం. తరిగొప్పులకు దగ్గర్లో ఒక చిన్న ఊరు మాది. ఇంటి వెనక గొర్ల దొడ్డి, ముందు వాకిట్లో గొంగళ్లు నేసే మగ్గం, రెంటి నడుమ మేము. మా బట్టలు, మా జుట్టు, మేము తినే రొట్టె, అన్నీ గొర్రెబొచ్చు వాసన వేసేవి. బడిలో పక్క పిల్లలు ముక్కు మూసుకునే దాకా అదొక వాసన అని కూడా నాకు తెలియదు. చింతగింజలు నానబెట్టి, నూరి, ఉడకబెట్టి, ఆ జిగట అంబలిని నేసిన గొంగడికి పట్టించి ఎండేస్తారు. ఇప్పటికీ ఎక్కడైనా చింతగింజలు ఉడికిన వాసన తగిలితే నాకు ముందు ఆకలి వేస్తుంది, తర్వాత ఏడుపు వస్తుంది. నాయినమ్మ అరుగు మీద కూర్చుని బొచ్చు వడికేది. పోగును పెదవికి తాకించి చూసేది. గరుకుగా ఉంటే బొచ్చును కాదు, ఆ గొర్రెనే గుర్తుపట్టి దాని తల్లిని కూడా కలిపి తిట్టేది. మా అవ్వ నన్ను కని చనిపోయింది. నన్ను పెంచింది మా చిన్నమ్మ రాజవ్వ, మా బాపు తమ్ముడు బీరయ్య భార్య. ఆమెకు పిల్లలు లేరు. నాకు తల్లి లేదు. కాబట్టి ఎవరికీ ఏ లోటూ లేదని నాయినమ్మ అనేది.

మా చిన్నాయిన బీరయ్య మగ్గం మీద అంతంత మాత్రమే. గొంగడి అంచు వంకర పోయేది. కానీ చుట్టుపక్కల ఊళ్లలో ఆయన పేరు తెలియని వాళ్లు లేరు, ఎందుకంటే ఆయన ఊఁ కొట్టేవాడు. ఒగ్గు కథ చెప్పేవాళ్లు ఊళ్లోకి దిగగానే ముందు "బీరన్న ఇంటికాడ ఉన్నడా?" అని అడిగేవారు. ఊఁ కొట్టడం అంటే ఈ రోజుల్లో వాళ్లు ఫోనులో పరధ్యానంగా అనే ఊఁ అనుకోకండి. అది ఒక పని. తొందరపడితే చెప్పేవాడి మాట మీద కాలు వేసినట్టు, ఆలస్యమైతే అతని ఊపిరి పడిపోతుంది. ఏడుపుకు ఒక ఊఁ, యుద్ధానికి ఒక ఊఁ, రాజు అబద్ధమాడుతుంటే సాగదీసి "ఊ...హుఁ" అని నమ్మనట్టు ఒకటి. చిన్నాయిన దగ్గర అన్నీ ఉండేవి. చెప్పేవాడు ఆగినప్పుడు ఎవరూ ఊఁ అనకపోతే కథ ముందుకు పోదు, అతను నిలబడ్డచోటే నిలబడిపోతాడు. అంతకంటే అవమానం లేదు. ఆ ఊరికి కథ చెప్పేవాళ్లు మళ్లీ రారు. మా ఇంట్లో పిల్లలకు మొదట నేర్పే మర్యాద అదే, ఇంటికొచ్చినవాళ్లకు నీళ్లివ్వడం ఆ తర్వాతే.

ఒకసారి గొంగళ్లు అమ్మడానికి సికింద్రాబాదు పోయి, చిన్నాయిన ఒక పాత గ్రామఫోను మోసుకొచ్చాడు. బాపు రుసరుసలాడాడు, నాయినమ్మ అందులో దయ్యం ఉందంది, నాలుగు రోజుల్లో ఇద్దరూ దాని ముందే కూర్చున్నారు. దానితో వచ్చిన ప్లేట్లలో ఒకదాని మీద అన్నీ ఇంగ్లీషు అక్షరాలే. అది పెడితే మాటల్లేవు, గొంతు లేదు, ఉత్త తీగల మోత. "గీ మనిషికి నోరు లేదాయె?" అంది నాయినమ్మ, అందరం నవ్వాం. మధ్యలో ఒక్క ఊపిరి మేర పాట ఆగింది. కీ అయిపోయిందనుకుని బాపు చెయ్యి చాచాడు. చిన్నాయిన ఆ చెయ్యి పట్టుకుని ఆపి, ఆ ఖాళీలో మెల్లగా "ఊఁ" అన్నాడు. దాని కోసమే ఆగినట్టుగా గిటారు వెంటనే అందుకుంది. మాకెవరికీ నవ్వు రాలేదు.

"గీడు మనోడే" అన్నాడు చిన్నాయిన.

"ప్లేటు మీద ఇంగ్లీషు రాసుంటే మనోడెట్లయితడు?" అన్నాడు బాపు.

"ఊఁ కొట్టేటందుకు జాగ ఇడిసిండు సూడు. తెల్లోడైతే గట్ల ఇడుస్తడా?"

ఆ ప్లేటు చంకలో పెట్టుకుని జనగామ పోయి, రైల్వేలో పనిచేసే ఒకాయనతో పేరు చదివించుకొచ్చాడు. డేవీ అని ఉంది. ఆ పేరు పట్టుకుని అడగగా అడగగా తేలింది ఏమంటే, ఆ డేవీ గూడూరు అడవి అంచు పల్లెలో పుట్టిన దావీదు, చర్చిలో గిటారు నేర్చుకున్న కూలివాళ్ల బిడ్డ, సికింద్రాబాదులో సోల్జర్లు ఆడే డాన్సు హాల్లో వాయిస్తున్నాడు. మా చిన్నాయిన ఆ కబురు తెచ్చిన రోజు ఇంట్లో పండగే. అప్పటి నుంచి గొర్లు మేసి వచ్చాక మా వాకిలి నిండిపోయేది. సూది అరిగిపోతే తుమ్మముల్లు కోసి పెట్టేవాళ్లం, దాంతో పాట ఇంకా మెత్తగా పలికేది. దావీదు పాట నడుస్తుంటే ఎవరూ బీడీ కూడా ముట్టించేవారు కాదు. ఇప్పుడు శ్రీకాంత్ వాళ్లు అభిమానుల సంఘం అంటున్నారు గానీ, మొట్టమొదటి సంఘం మాదే. మాకు ఫ్లెక్సీలు లేవు, అంతే.

తర్వాతిసారి గొంగళ్లతో పోయినప్పుడు చిన్నాయిన ఆ డాన్సు హాలు కిటికీ కింద నిలబడ్డాడు. లోపలికి రానివ్వరు కదా. లోపల దావీదు వాయిస్తూ ఆ జాగా దగ్గర ఆగాడు, కిటికీ బయటి నుంచి చిన్నాయిన ఊఁ కొట్టాడు. పాట అవగానే దావీదు గిటారు మెడకు వేలాడుతుండగానే పరుగున బయటకు వచ్చి "ఎవలది ఊఁ కొట్టింది?" అని అరిచాడట. ఈ సంగతి చిన్నాయిన మాకు ఎన్నిసార్లు చెప్పాడో, చెప్పిన ప్రతిసారీ దావీదు ఇంకొంచెం గట్టిగా అరిచేవాడు. ఆ ఎండాకాలం దావీదు తల్లిని చూడటానికి పోతూ జనగామలో రైలు దిగి, మా బండెక్కి మా ఇంటికి వచ్చాడు. ప్యాంటు, బూట్లు, నున్నగా దువ్విన తల. ఏం వండిపెట్టాలో తెలియక చిన్నమ్మ పరేషాన్ అయిపోతుంటే "జర గట్క పొయ్యి చెల్లే, తిని శాన దినాలయింది" అన్నాడు. అంతే, ఇల్లంతా అతని వశమైపోయింది.

మంచం మీద కూర్చుని గిటారు ఒళ్లో పెట్టుకుని అతను అన్న మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. "మా తాత కథలు చెప్తుండె. ఆయిన ఊపిరి వీల్సుకునే జాగలనే తీగల మీద వెట్టిన బీరన్నా. నేను వాయిస్తే ఆడిన్రు, తాగిన్రు, తన్నుకున్నరు. ఊఁ కొట్టినోనివి నువ్వొక్కనివే." ఆ పొద్దంతా వాయించాడు. చిన్నాయినను తప్పుదోవ పట్టించాలని జాగాను ఒకసారి ముందు, ఒకసారి వెనక, ఒకసారి ఎవరూ అనుకోని చోట పెట్టాడు. చిన్నాయిన ఒక్కటంటే ఒక్కటి కూడా వదల్లేదు. ఇద్దరూ దాగుడుమూతలాడే పిల్లల్లా చెమటలు కారుతూ నవ్వుకున్నారు. "గీ ఇద్దరికి పెండ్లి జేసి నేను మా అవ్వగారింటికి పోత" అని చిన్నమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పోయేటప్పుడు కొత్త గొంగడి ఒకటి తెచ్చి అతని భుజాన వేసింది. దావీదు దాన్ని తడుముకుంటూ, "నువ్వు ఎంతమందిల ఉన్నా సరే బీరన్నా, నీ ఊఁ నేను గుర్తువడుత" అన్నాడు. ఆ మాటకు నేను కూడా మురిసిపోయాను.

ఆ తర్వాత మా వైపు కమ్యూనిస్టుల సంగం వచ్చింది. దొర మనుషులు గొంగళ్లు, గొర్లు ఊరికే పట్టుకుపోవడం మాకు తరతరాల అలవాటు. అడగొచ్చని, ఇవ్వనని అనొచ్చని సంగం వాళ్లు చెప్పారు. చిన్నాయిన ఇవ్వనన్నాడు. మొదట రజాకార్లు వచ్చారు, మా దొడ్డి తగలబెట్టారు. వాళ్లు పోయాక ఇక పీడ వదిలిందనుకున్నాం, కొత్త సర్కారు పోలీసు క్యాంపులు వచ్చాయి. చిన్నాయిన దళంతో అడవిలోకి పోయాడు. గూడూరు అన్నారు, బయ్యారం గుట్టలన్నారు, ఒకసారి భూపాలపల్లి దాకా అన్నారు. క్యాంపువాళ్లు మా ఇంటి మీద పడి బొచ్చు మూటలన్నీ బరిసెలతో పొడిచి వెతికారు. గ్రామఫోను బయటికి లాగారు. అధికారి మాత్రం దాన్ని పగలగొట్టనివ్వలేదు. అతనికి పాటలు వినే అలవాటుందట, కీ తిప్పి దావీదు ప్లేటు పెట్టించుకున్నాడు. ఇదెవరిదని అడిగాడు. మా ఊరివాళ్ల అమాయకత్వాన్ని ఏమనాలి! తన్నులు తిని ఒళ్లు హూనమై కూడా గొప్ప చెప్పుకున్నారు. దావీదు మా బీరయ్య దోస్తు అని, బీరయ్య ఊఁ కొడితేనే అతని పాట ముందుకు పోతుందని, ఎక్కడ జాగా విడిచినా బీరయ్య నోరు ఊరుకోదని అన్నీ వివరంగా చెప్పారు. అధికారి శ్రద్ధగా విన్నాడట.

ఇక ఊళ్లో ఉంటే బతకనివ్వరని బాపు చిన్నమ్మనూ నన్నూ మానుకోట పక్కన ఆమె అవ్వగారింటికి పంపించాడు. చిన్నాయిన కబుర్లు గొర్లకాపరుల నోటి మీదుగా వచ్చేవి. బాగున్నడట, కాలికి ముల్లు దిగిందట, నవ్విండట. చిన్నమ్మ ఆ ముక్కల్నే నెమరేసుకుంటూ వారాలు గడిపేది. అలాంటి రోజుల్లో ఒక పొద్దున డప్పు చాటింపు వినిపించింది. బొంబాయి పోయి పేరు తెచ్చుకున్న మన దావీదు మానుకోట బడి మైదానంలో గిటారు వాయిస్తాడు, అందరూ రావచ్చు, ఎవరినీ ఏమీ అనరు. చిన్నమ్మ ఎన్నాళ్లకో తల దువ్వుకుంది. "దావీదన్నకు పెద్దోళ్లు ఎరుక ఉంటరే సత్తెమ్మా. నేను పోయి కాళ్లు పట్టుకుంట. మీ చిన్నాయినను ఏమన్నొద్దని జర చెప్పుమంట. మన గట్క తిన్నోడు కాదంటడా?" అంది. ఆమెకు చాలా రోజుల తర్వాత ఒక దారి కనిపించింది. ఆ ముఖం నేను మరిచిపోలేను.

చాటింపు మర్నాడు ఒక కాపరి వచ్చి పెరట్లో నిలబడ్డాడు. చిన్నాయిన కూడా వస్తున్నాడన్నాడు. దళం వద్దందట. గొంగడి కప్పుకుని గొర్లకాపరుల్లో కలిసిపోయి, ఒక్క పాట విని వెళ్లిపోతానన్నాడట.

"రావద్దని చెప్పు అన్నా. నా మీద ఒట్టని చెప్పు" అంది చిన్నమ్మ.

"చెప్పిన అక్కా. వింటెనా? దావీదన్న ఉన్న జాగల నాకేమయితది అంటుండు."

మైదానంలో ఇంకా ఎండ ఉండగానే మొదలుపెట్టారు. ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క. ఆ మగవాళ్లలో గొంగళ్లు కప్పుకున్నవాళ్లే సగం మంది, ఎవరు ఎవరో తెలియదు. నేను వెతుకుతుంటే చిన్నమ్మ నా గడ్డం పట్టి ముఖం తనవైపు తిప్పుకుంది. దావీదు బల్ల మీదికెక్కి కుర్చీలో కూర్చున్నాడు. చిక్కిపోయాడు. ముందు రెండు పాటలు ఆడుతూ పాడుతూ వాయించాడు, జనం ఈలలు వేశారు. నిజం చెప్పాలంటే ఆ రోజు వాయించినట్టు అతను ఎప్పుడూ వాయించి ఉండడు. నేను భయం కూడా మరిచిపోయాను. అప్పుడు మన పాట ఎత్తుకున్నాడు. మా వాకిట్లో వందసార్లు విన్న పాట. జాగా దగ్గరికి వచ్చి ఆగాడు. ప్లేటులో అయితే ఒక్క ఊపిరి. అక్కడ ఊపిరి దాటింది, ఇంకా దాటింది. జనం మర్చిపోయాడేమో అనుకున్నారు. అతనే మళ్లీ అందుకున్నాడు. తిరిగి అదే చోటికి తెచ్చి ఆపాడు. ఈసారి తీగల మీద నుంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ముందు వరసలో కూర్చున్న అధికారులు కదల్లేదు. చిన్నమ్మ నా చెయ్యి నలిపేస్తూ "వద్దు, వద్దు, వద్దు" అని గొణుగుతోంది. ఎవరో వెనక నుంచి వెక్కిరించారు. ఇంకొకరు నవ్వారు. అంత మందిలో దావీదు నోరెండిపోయినవాడిలా కూర్చుని ఉన్నాడు, మా ఇంటికొచ్చినవాడు, మా మనిషి. ఏ కురుమవాడైనా అది చూసి ఎట్లా ఊరుకుంటాడు? మగవాళ్ల పక్క నుంచి, సాగదీయకుండా, నిదానంగా, ఎప్పటి లాగే వచ్చింది. "ఊఁ."

పక్కనున్న నలుగురు గొంగళ్లు విసిరేసి చిన్నాయిన మీద పడ్డారు. వాళ్లు కాపరులు కారు. తొక్కిసలాటలో చిన్నమ్మ కింద పడింది. నేను ఆమెను లేపుతూ బల్ల వైపు చూశాను. ఇప్పటికీ చాలామంది నన్ను నమ్మరు గానీ నేను చూసింది చెబుతున్నాను. ఊఁ వినగానే దావీదు పాట అందుకున్నాడు. చిన్నాయినను ఈడ్చుకుపోతుంటే అతను తల వంచుకుని వాయిస్తూనే ఉన్నాడు, చివరి దాకా వాయించాడు. చిన్నాయిన అరవలేదు. మెడ తిప్పి బల్ల వైపు చూశాడు. కోపంగా కాదు, ఏదో చెప్పబోయి ఆగినవాడిని ఇంకేం చెబుతావని అడిగినట్టు చూశాడు.

బయ్యారం అడవిలో పారిపోతుంటే కాల్చామని క్యాంపువాళ్లు చెప్పారు. శవాన్ని ఇవ్వలేదు. ఆ వారంలోనే దావీదు తమ్ముడిని విడిచిపెట్టారు. దళానికి అన్నం పెట్టాడని అతన్ని అంతకుముందే పట్టుకుపోయారట, మాకు అప్పుడే తెలిసింది. చిన్నమ్మ నన్ను వెంటబెట్టుకుని గూడూరు వైపు వాళ్ల పల్లెకు నడిచిపోయింది. దావీదు అప్పటికే బొంబాయి రైలెక్కేశాడు. అతని తల్లి మాకు నీళ్లిచ్చి, మేము తాగినంతసేపూ నేల చూస్తూ నిలబడింది. చిన్నమ్మ చెంబు ఆమె చేతికిచ్చి వెనక్కి తిరిగింది. మా బాపు మాత్రం చాలాకాలం దావీదును వెనకేసుకొచ్చాడు. "వాని మెడ మీద కత్తి పెట్టిండ్రు. తమ్ముని పానం వాడు సూసుకున్నడు. నా తమ్ముని పానం మీదికి వస్తే నేను మాత్రం ఏం జేద్దునో" అనేవాడు. కొన్నేళ్లు గడిచేసరికి చిన్నమ్మ కూడా అటూ ఇటూ ఊగేది. ఒక్కోసారి, అతనికి నిద్ర పడుతుందో లేదో పాపం, అనేది.

అప్పుడు రెండో ప్లేటు వచ్చింది. నేను జనగామలో టీచరు ట్రైనింగుకు చేరిన రోజులవి. చిన్నమ్మతో కలిసి బజారులో నడుస్తుంటే ఒక చాయ్ హోటల్లోంచి ఆ పాట వినిపించింది. మన పాటే. అయితే జాగా దగ్గర ఆగి, ఆగిపోయింది. మా వాకిట్లో విన్న ఒక్క ఊపిరి కాదు. మైదానంలో ఆగినంతసేపు, చెయ్యి ఒళ్లో పెట్టుకున్నంతసేపు ఆగింది. హోటల్లో జనం కప్పులు పట్టుకుని ఊపిరి బిగబట్టారు. మళ్లీ గిటారు అందుకోగానే ఎవరో "వాహ్!" అన్నారు. చిన్నమ్మ నడిరోడ్డు మీద నిలబడిపోయింది. బండ్లవాళ్లు తిడుతున్నా కదల్లేదు. "తమ్ముని కోసం జేసిండంటే ఏదో ఒకనాడు మాఫ్ చేద్దునే సత్తెమ్మా. గదాన్ని పాటల ఎట్ల వెట్టిండే? మీ చిన్నాయినను వట్టిచ్చిన జాగను పాట జేసి ఎట్ల వినిపిస్తుండే?" అంది. ఆ తర్వాత దావీదుకు నిద్ర పడుతుందా అని ఆమె ఎప్పుడూ అడగలేదు. ఆమె నోటి నుంచి ఊఁ అనే మాట కూడా పోయింది. నా పిల్లలు ఏదైనా చెబుతుంటే "చెప్పు", "అట్లనా" అనేది గానీ ఊఁ అనలేకపోయేది. గొంతు దాకా వచ్చి ఆగుతుందనేది. అట్లాగే పోయింది.

ఇదంతా కడిగిన గిన్నెల ముందు నిలబడి గుర్తు చేసుకున్నాను. చాయ్ తీసుకొచ్చి ఆ పిల్లలకిచ్చి, కూర్చుని, మొదటి నుంచీ చెప్పాను. వాళ్లు కదలకుండా, చప్పుడు చేయకుండా విన్నారు. ఇప్పటివాళ్లు అట్లాగే వింటారు, కళ్లు మూసుకుని, నోరు కట్టుకుని. అది గౌరవమనే వాళ్ల నమ్మకం. మా రోజుల్లో ఎదుటివాడు చప్పుడు చేయకపోతే చెప్పేవాడికి గుండె జారేది. చెబుతూ చెబుతూ నాలుగైదు చోట్ల నేను ఆగాను. ఎవరూ ఏమీ అనలేదు. నాకు నేనే ముందుకు నెట్టుకున్నాను. వాళ్లను తప్పు పట్టను. వాళ్లకు దావీదు మీద ఉన్న ప్రేమ దొంగ ప్రేమ కాదు, మాది ఎంత నిజమో అంతే నిజం. నేను కూడా ఒకప్పుడు ఆ గిటారు వింటే అన్నం మరిచిపోయినదాన్నే. అదే కదా నా కడుపు మంట. దావీదు చేతగానివాడైతే ఎప్పుడో మరిచిపోయేదాన్ని.

చెప్పడం అయ్యాక శ్రీకాంత్ కళ్లు తుడుచుకున్నాడు. "ఈ సంగతి సభలో చెప్పొచ్చా అమ్మా?" అని అడిగాడు. చెప్పమన్నాను. మా చిన్నాయిన పేరు చెప్పమన్నాను, బీరయ్య, కురుమ బీరయ్య, ఆ నిశ్శబ్దం దేనికోసం చేసిందో చెప్పమన్నాను. తప్పకుండా చెబుతానని నా చేతులు పట్టుకున్నాడు. వాళ్లు పోయాక చాలా తేలిగ్గా అనిపించింది. ఇన్నేళ్లకు పదిమందిలో ఆ మాట బయటపడుతుంది, ఇక ఆ ప్లేటు ఎవరు విన్నా మునుపటిలా వినలేరు అనుకున్నాను. చిన్నమ్మ ఉంటే బాగుండేదనుకున్నాను. సభ రోజంతా ఫోను దగ్గరే కూర్చున్నాను.

సభ అయిపోయాక శ్రీకాంత్ ఫోను చేశాడు. "అమ్మా, మీరు రావాల్సింది. ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. బీరయ్యగారి పేరు కూడా చెప్పాను. ఆ తర్వాత లైట్లు తగ్గించి ఆ రికార్డు వేశాం. ఆ నిశ్శబ్దం వచ్చేసరికి హాల్లో ఏడవని మనిషి లేడమ్మా. ఇన్నేళ్లుగా వింటున్నాం గానీ అది ఇంత గొప్పగా ఎప్పుడూ అనిపించలేదన్నారు. పాట అయ్యాక అందరూ లేచి నిలబడి ఆగకుండా చప్పట్లు కొట్టారు" అన్నాడు.

"ఎవలకు బిడ్డా?" అని అడిగాను.

అతనికి నా ప్రశ్న అర్థం కాలేదు. "డేవీ గారికేనమ్మా" అన్నాడు.